ఫోన్ లాక్కెళ్ళారంటే ‘పోయింది’ అని రాయించుకున్నారు, ఇప్పుడేం చేయాలి?

శీను_మియాపూర్
శనివారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక మెట్రో మెట్లు దిగి సర్వీస్ రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాను. చేతిలో ఫోన్, మ్యాప్ చూసుకుంటున్నా. వెనకనుంచి బైకు మీద ఇద్దరు వచ్చారు. వెనక కూర్చున్నవాడు ఫోన్ లాక్కున్నాడు. నేను అరిచేలోపే యూటర్న్ దాటేశారు. 32 వేల ఫోన్, ఇంకా నాలుగు ఈఎంఐలు కట్టాలి.

దగ్గర్లో ఉన్న స్టేషన్‌కు నడిచి వెళ్ళా. ఎక్కడ జరిగిందో విని, "ఆ మెట్రో పిల్లర్ మా లిమిట్స్ కాదు, అవతలి స్టేషన్‌కు పో" అన్నారు. అక్కడికి వెళ్తే, "మెయిన్ రోడ్డు వరకే మాది, సర్వీస్ రోడ్డు వాళ్ళదే" అన్నారు. మళ్ళీ మొదటి స్టేషన్. అప్పటికి పదకొండున్నర. రైటర్ (స్టేషన్‌లో కాగితాలు రాసే ఆయన) తెల్లకాగితం ఇచ్చి, "ఫోన్ పోయింది అని రాయి, స్టాంపు వేసిస్తా, సిమ్ తెచ్చుకోడానికి పనికొస్తుంది" అన్నాడు. బుర్ర పనిచేయక రాసిచ్చేశా.

ఆదివారం డూప్లికేట్ సిమ్ తీసుకుని పాత ఫోన్లో వేస్తే బ్యాంకు మెసేజీలు. శనివారం రాత్రి 10.20కీ 11కీ మధ్య నాలుగుసార్లు యూపీఐలో మొత్తం 18,500 పోయాయి. డెబిట్ కార్డు ఫోటో గ్యాలరీలో పెట్టుకున్నాను, దాంతో పిన్ మార్చినట్టున్నారు. తిట్టండి, పడతా. కానీ ఇప్పుడు ఆ ‘పోయింది’ కాగితంతో బ్యాంకు ముందు నిలబడొచ్చా? మళ్ళీ స్టేషన్‌కు వెళ్తే కేసు కడతారా? టెన్షన్‌తో నిన్నటినుంచి నిద్ర లేదు.

మిర్చిబజ్జీ99
లిమిట్స్ దొంగలకు మాత్రం లేవన్నమాట.

నల్లకోటు
శీను గారూ, మిగతా అంతా తర్వాత. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? చేయకపోతే ఇది చదవడం ఆపి ఇప్పుడే చేయండి. బ్యాంకు పేరు, ట్రాన్సాక్షన్ నంబర్లు, టైము దగ్గర పెట్టుకోండి. డబ్బు వెళ్ళిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే దాన్ని అక్కడే ఆపిస్తారు. ఏటీఎంలో తీసేసుకున్నాక ఎవరూ ఏమీ చేయలేరు. అలాగే బ్యాంకు కస్టమర్ కేర్‌కు చెప్పి, కంప్లైంట్ నంబర్ రాసుకోండి.

శీను_మియాపూర్
చేయలేదు. 1930 అంటే ఓటీపీ మోసాలకే అనుకున్నా. చేస్తున్నా.

యానాం_వాసు
అన్నా ఫోన్ ఎత్తుకుపోయినా సైబర్ క్రైమేనా?

నల్లకోటు
ఫోన్ లాక్కోవడం ఒక నేరం, ఆ ఫోన్‌తో ఖాతాలో డబ్బు లాగడం ఇంకో నేరం. రెండోదానికి 1930. మొదటిదానికి స్టేషన్‌లో ఎఫ్ఐఆర్. ఒకటి చేశాను కదా అని రెండోది వదిలేయకూడదు.

ఊరికే_చదువుతా
నాకో డౌటు. తెలుగులో "ఫోన్ పోయింది" అంటే పారేసుకున్నా అదే మాట, ఎవడో కొట్టేసినా అదే మాట. "బండి పోయింది", "గొలుసు పోయింది" అని మనమే అంటాం కదా. దీనికి ఇంత గొడవేమిటి?

నల్లకోటు
గొడవంతా అక్కడే ఉంది. ఇంట్లో ఎలా అన్నా నడుస్తుంది. కాగితం మీద ‘పోయింది’ అంటే మీరు పారేసుకున్నట్టు. పారేసుకోవడం నేరం కాదు కాబట్టి కేసు లేదు, దర్యాప్తు లేదు, స్టాంపు వేసి పంపించేస్తారు. ‘లాక్కెళ్ళారు’ అని రాస్తే అది స్నాచింగ్. భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ కింద దానికంటూ వేరే నేరం పెట్టారు, మూడేళ్ళ దాకా శిక్ష. పాత ఐపీసీలో స్నాచింగ్ అని విడిగా లేదు, దొంగతనం కిందో దోపిడీ కిందో కట్టేవాళ్ళు. ఇది కాగ్నిజబుల్ నేరం. అంటే మేజిస్ట్రేటు ఆర్డర్ లేకుండానే పోలీసులు కేసు కట్టి దర్యాప్తు చేయొచ్చు, చేయాలి కూడా. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది ఇదే. చెప్పిన విషయంలో కాగ్నిజబుల్ నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి, కట్టాలా వద్దా అని ఆలోచించే స్వేచ్ఛ స్టేషన్‌కు లేదు.

లిమిట్స్ సంగతి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) బదులు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది. అందులో 173వ సెక్షన్‌లో నేరం ఏ ప్రాంతంలో జరిగినా సరే సమాచారం తీసుకోవాలని స్పష్టంగా రాశారు. జీరో ఎఫ్ఐఆర్ అనేది అదే. తీసుకున్న స్టేషన్ సున్నా నంబరుతో కట్టి అసలు స్టేషన్‌కు పంపుతుంది, అక్కడ మామూలు నంబరు వేస్తారు. పిల్లర్ ఎవరిదో వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోవాలి. అర్ధరాత్రి మీరు రోడ్డు దాటుతూ తిరగక్కర్లేదు.

పద్మ_హనుమకొండ
జీరో ఎఫ్ఐఆర్ ఆడవాళ్ళ కేసులకే అనుకున్నానే.

నల్లకోటు
చాలామంది అలాగే అనుకుంటారు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత జస్టిస్ వర్మ కమిటీ సిఫారసులతో ప్రచారంలోకి వచ్చింది కాబట్టి ఆ పేరు పడింది. ఇప్పుడు ఏ కాగ్నిజబుల్ నేరానికైనా వర్తిస్తుంది.

సుజాత_టీచర్
మనవైపు అందరికీ ఆ మాట తెలిసింది మాత్రం 2019లో శంషాబాద్ దగ్గర దిశ ఘటన తర్వాతే. అమ్మాయి ఇంటికి రాలేదని తల్లిదండ్రులు వెళ్తే మా పరిధి కాదని తిప్పారు. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ రాత్రి వాళ్ళు తిరిగిన తిరుగుడు తల్చుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇన్నేళ్ళయినా ఫోన్ కేసుకు అదే పాట అంటే ఏమనాలి.

రిటైర్డ్_హెడ్డు
31 ఏళ్ళు సర్వీసు చేశాను, అందులో ఎనిమిదేళ్ళు రైటర్‌గా. కోపం తెచ్చుకోకుండా నా మాట కూడా వినండి. ఆ రైటర్ చేసింది తప్పే, వెనకేసుకు రావడం లేదు. కానీ ఎందుకు చేశాడో చెబుతా. నెలనెలా క్రైమ్ మీటింగ్ ఉంటుంది. స్టేషన్‌లో స్నాచింగ్ కేసులు పెరిగితే, పట్టుకోకపోతే, ఎస్సైకి అందరి ముందు చీవాట్లు. ‘పోయింది’ కాగితాలు ఎన్ని ఉన్నా ఎవరూ అడగరు. ఇక రాత్రిపూట డ్యూటీలో ఉండేది నలుగురయిదుగురు. కేసు కడితే స్పాట్‌కు పోవాలి, పంచనామా రాయాలి, సాక్షుల దగ్గర వాంగ్మూలాలు తీసుకోవాలి, సీడీ ఫైలు నడపాలి.

ఇంకో సంగతి. తాగి ఆటోలో ఫోన్ మర్చిపోయి, ఇన్సూరెన్స్ కోసం "కొట్టేశారు సార్" అని వచ్చేవాళ్ళు నాకే వారానికి ఇద్దరు తగిలేవాళ్ళు. ఆ అనుమానం నిజంగా నష్టపోయినవాళ్ళ మీద పడుతుంది.

మిర్చిబజ్జీ99
హెడ్డు గారూ, సీడీ అంటే మేం పాటలు వినే సీడీ అనుకున్నాం.

రిటైర్డ్_హెడ్డు
కేస్ డైరీ బాబూ. అందులో పాటలుండవు, ఏడుపులే.

ఊరికే_చదువుతా
హెడ్డు గారు చెప్పింది నిజమే కానీ అందులో మా తప్పేముంది సార్? మీ మీటింగ్‌లో చీవాట్లు తప్పించడానికి నేను నా ఫోన్ ‘పారేసుకోవాలా’?

రిటైర్డ్_హెడ్డు
వద్దు. అందుకే దారి కూడా చెబుతున్నా. శీనూ, రాత్రిపూట రైటర్‌తో వాదించొద్దు. పొద్దున్న పది పదకొండు మధ్య వెళ్ళు, అప్పటికి ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి) స్టేషన్‌లో ఉంటాడు. నేరుగా ఆయన్నే కలవాలని రిసెప్షన్‌లో చెప్పు. కాగితం ఇంట్లోనే రాసుకుని రెండు కాపీలు పట్టుకుపో. రెండో కాపీ మీద తారీఖుతో, సంతకంతో రసీదు తీసుకో. ఎవరినైనా పెద్దమనిషిని వెంట తీసుకెళ్ళు కానీ పదిమందితో గుంపుగా పోకు. గుంపును చూస్తే వాళ్ళు కూడా బిగుసుకుంటారు.

డాలస్_తెనాలి
రెండు కాపీల మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా అమ్మ ఊరెళ్ళినప్పుడు తెనాలిలో ఇంటి తాళం పగలగొట్టారు. వెండి సామాను, కొంత నగదు పోయాయి (చూశారా, నేనూ ‘పోయాయి’ అంటున్నా). నేనిక్కడినుంచి ఎస్పీ ఆఫీసుకు మెయిల్ పెట్టా. ఆన్‌లైన్‌లో పంపితే చాలు ఎఫ్ఐఆర్ అయిపోతుందని ఎవరో చెప్పారు. వారం చూశా, ఏమీ లేదు.

నల్లకోటు
అక్కడ చిన్న మెలిక ఉంది. ఎలక్ట్రానిక్‌గా పంపినా తీసుకోవాలి, నిజమే. కానీ పంపినవాళ్ళు మూడు రోజుల్లోపు సంతకం చేయాలి. అప్పుడే అది రికార్డుకు ఎక్కుతుంది. మీరు డాలస్‌లో ఉండి సంతకం చేయలేరు కాబట్టి అక్కడే ఆగిపోయి ఉంటుంది.

డాలస్_తెనాలి
సరిగ్గా అదే అయింది. చివరికి మా పిన్ని కొడుకు అమ్మను తీసుకెళ్ళి సంతకం పెట్టించాడు, ఆ రోజే కట్టారు. నేను ఇంటి ఓనర్ని కాబట్టి నేనే ఇవ్వాలి అనుకుంటూ వారం పాడుచేశా.

నల్లకోటు
నేరం గురించి తెలిసిన ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బాధితుడే ఇవ్వాలని రూలు లేదు.

పిడుగురాళ్ళ_ప్రసాద్
అసలు ఊరెళ్ళే ముందు చెబితే ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది కదా ఆంధ్రా పోలీసులది, తాళం వేసిన ఇళ్ళకు. అమ్మగారికి తెలియదేమో.

డాలస్_తెనాలి
అమ్మకు తెలుసట. "ఇంట్లో పోలీసు కెమెరా ఏంటిరా, చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటారు" అని పెట్టించుకోలేదట.

శీను_మియాపూర్
అప్‌డేట్. 1930లో పావుగంట మాట్లాడారు, అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ మెసేజ్ వచ్చింది. బ్యాంకుకు కూడా ఫోన్లో చెప్పి, మెయిల్ పెట్టా. బ్యాంకు అమ్మాయి "ఎఫ్ఐఆర్ కాపీ ఉందా" అని అడిగింది. నా దగ్గర ఉన్నది ‘పోయింది’ కాగితం. ఇక స్టేషన్‌కు వెళ్ళక తప్పదు. కానీ ముందు నేనే ‘పోయింది’ అని సంతకం పెట్టా కదా, ఇప్పుడు ‘లాక్కెళ్ళారు’ అంటే అబద్ధం ఆడుతున్నానని నా మీదే కేసు పెడతారా?

యానాం_వాసు
తప్పుడు ఫిర్యాదుకు శిక్ష ఉంది, జాగ్రత్త బ్రో.

నల్లకోటు
వాసూ, ఉన్నవాడిని ఇంకా భయపెట్టకు. తెలిసి తెలిసి అబద్ధపు సమాచారం ఇస్తే శిక్ష. జరిగింది జరిగినట్టు చెప్పేవాడికి కాదు. శీను గారూ, కొత్త ఫిర్యాదులో ఆ సంగతి దాచకుండా రాయండి: "శనివారం రాత్రి రెండు స్టేషన్లు తిరిగాను. పరిధి కాదన్నారు. అక్కడి సిబ్బంది చెప్పినట్టు ‘పోయింది’ అని రాసిచ్చాను. నిజానికి జరిగింది ఇది." తర్వాత కోర్టులో ఎదుటి లాయరు అడిగినా దానికి జవాబు అప్పటికే కాగితం మీద ఉంటుంది.

ఫిర్యాదు తెలుగులోనే రాయండి, సెక్షన్ల పాండిత్యం అక్కర్లేదు. రోజు, టైము, చోటు (పిల్లర్ నంబర్ వేయండి), ఎంతమంది, బండి రంగు, వాళ్ళు ఎటు పోయారు, ఫోన్ మోడల్, ఐఎంఈఐ నంబర్ (ఫోన్ గుర్తింపు నంబర్), ఎవరైనా చూశారా, ఆ తర్వాత ఖాతాలో పోయిన డబ్బు, 1930 నంబర్. ఐఎంఈఐ ఫోన్ డబ్బా మీద ఉంటుంది, బిల్లు మీద కూడా ఉంటుంది. గుర్తులేనిది ఊహించి రాయొద్దు. బండి నంబర్ చూడలేదంటే చూడలేదనే రాయండి.

చెన్నపట్నం_గిరి
మా చెన్నైలో ఇంకో తమాషా. ఫిర్యాదు ఇవ్వగానే సీఎస్‌ఆర్ అని ఒక రసీదు ఇస్తారు. జనం దాన్నే ఎఫ్ఐఆర్ అనుకుని దాచుకుంటారు. ఆర్నెల్ల తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు ఎఫ్ఐఆర్ అడిగినప్పుడు తెలుస్తుంది. నా బండి విషయంలో నేనూ అలాగే మోసపోయా.

నల్లకోటు
ఇక్కడ కూడా పిటిషన్ రసీదు వేరు, జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ వేరు, ఎఫ్ఐఆర్ వేరు. ఎఫ్ఐఆర్ మీద క్రైమ్ నంబర్, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి, మీ సంతకం ఉంటుంది. సంతకం పెట్టే ముందు చదివి వినిపించమని అడగండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఫిర్యాదు చేసినవాళ్ళకైనా బాధితులకైనా. పైసా కట్టక్కర్లేదు.

మిర్చిబజ్జీ99
మా ఊళ్ళో కాపీ ఉచితమే. జెరాక్సు పేపర్ల బండిల్ మాత్రం మనమే కొనిపెట్టాలి.

రిటైర్డ్_హెడ్డు
ఆ మాటకు జవాబు లేదు బాబూ. స్టేషనరీకి వచ్చేది నెలలో పదిరోజులకు సరిపోయేది కాదు. అయినా అడగడం తప్పే.

సుజాత_టీచర్
నన్ను ఒకటి చెప్పనివ్వండి. ఫిర్యాదు ఇచ్చేవాళ్ళ గురించే మాట్లాడుతున్నాం, సాక్షుల గురించి కూడా తెలియాలి. మా నాన్నకు 71. వాకింగ్‌కు వెళ్ళినప్పుడు కళ్ళముందు యాక్సిడెంట్ అయింది, ఆయనే 108కి ఫోన్ చేశారు. అంతే, వారంలో మూడుసార్లు స్టేషన్‌కు రమ్మన్నారు, వెళ్తే బెంచీ మీద రెండేసి గంటలు. మూడోసారి "ఇంకెప్పుడూ ఎవరికీ సాయం చేయను" అన్నారాయన. నాకు ఆ మాటకే బాధేసింది. మా కొలీగ్ తమ్ముడు లాయరు. అరవై దాటినవాళ్ళను సాక్ష్యం కోసం స్టేషన్‌కు రప్పించకూడదు, ఇంటికే వచ్చి అడగాలి అని చెప్పాడు. ఆ ముక్కే ఫోన్లో మర్యాదగా చెప్పా. మర్నాడు ఏఎస్సై ఇంటికి వచ్చి, టీ తాగి, పది నిమిషాల్లో రాసుకుని వెళ్ళాడు.

నల్లకోటు
బీఎన్‌ఎస్‌ఎస్ 179వ సెక్షన్. ఆడవాళ్ళు, 15 ఏళ్ళలోపు పిల్లలు, 60 దాటినవాళ్ళు, వికలాంగులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్ళు. వీళ్ళను సాక్ష్యం కోసం ఇంట్లోనే విచారించాలి. పాత చట్టంలో వయసు 65గా ఉండేది. వాళ్ళంతట వాళ్ళు స్టేషన్‌కు వస్తామంటే రావచ్చు. ఇంకోటి, సాక్షిగా పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం పెట్టక్కర్లేదు. పెట్టించుకోకూడదు కూడా. సంతకం పెట్టాల్సింది ఎఫ్ఐఆర్ ఫిర్యాదు మీద.

పద్మ_హనుమకొండ
చెప్పాలా వద్దా అని నిన్నటినుంచి ఆలోచిస్తున్నా. రెండేళ్ళ క్రితం ఒకడు నాలుగు నెలలు నా వెంట పడ్డాడు. బస్టాపు, ఆఫీసు గేటు, చివరికి మా ఇంటి సందులోకి కూడా వచ్చాడు. అమ్మతో కలిసి స్టేషన్‌కు వెళ్తే అక్కడ పెద్దాయన చాలా ప్రేమగానే మాట్లాడాడు. "అమ్మా, కేసు అంటే పేరు బయటికొస్తుంది, పెళ్ళి కావాల్సిన పిల్ల, పిలిచి వార్నింగ్ ఇస్తాం" అన్నాడు. అమ్మ సరే అంది. పిలిచి వార్నింగ్ ఇచ్చారు. పది రోజులు కనిపించలేదు. పదకొండో రోజు "స్టేషన్‌కే వెళ్తావా" అంటూ వచ్చాడు.

తర్వాత షీ టీమ్‌కు వాట్సాప్‌లో మెసేజీలు, ఫోటోలు అన్నీ పంపా. ఒక లేడీ ఎస్సై ఇంటికే వచ్చి రాసుకుంది, వీధిలోవాళ్ళకు తెలియకూడదని యూనిఫాం కూడా వేసుకోలేదు. కేసు కట్టారు. పేరు ఎక్కడా బయటికి రాలేదు. ఆ పెద్దాయన చెడ్డవాడని అనను. కానీ ఆయన ప్రేమవల్ల నాకు ఇంకో నెలన్నర నరకం.

సుజాత_టీచర్
❤️ రాసినందుకు థాంక్స్ పద్మా.

నల్లకోటు
పద్మ గారూ, మీరు పడ్డదానికి ఏం చెప్పగలను. చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. వెంటపడటం, తాకడం, లైంగిక దాడి లాంటి కేసుల్లో ఆడవాళ్ళ ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. మామూలుగా ఎఫ్ఐఆర్‌లు 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఇలాంటి సున్నితమైన కేసులను అందులోంచి మినహాయించింది. "పేరు బయటికొస్తుంది" అని ఎవరన్నా భయపెడితే ఈ సంగతి చెప్పండి. ఇక అత్యాచారం, యాసిడ్ దాడి లాంటి కొన్ని నేరాల్లో ఫిర్యాదు తీసుకోని అధికారికే ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా కఠిన జైలుశిక్ష ఉంది.

పిడుగురాళ్ళ_ప్రసాద్
ఇవన్నీ చట్టం పుస్తకంలో బాగుంటాయి. నా సైకిల్ పోయిందని వెళ్తే నవ్వి పంపించారు.

నల్లకోటు
సైకిల్ ఎంత?

పిడుగురాళ్ళ_ప్రసాద్
కొన్నప్పుడు ఆరువేలు. ఇప్పుడెవడైనా రెండువేలు ఇస్తే గొప్ప.

నల్లకోటు
అయ్యో. కొత్త చట్టంలో అయిదువేల లోపు దొంగతనం నాన్‌-కాగ్నిజబుల్ అయిపోయింది. స్టేషన్‌లో పుస్తకంలో రాసుకుని మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళమంటారు. నవ్వడం మాత్రం చట్టంలో లేదు. శీను గారి కేసుకు ఈ అయిదువేల లెక్క వర్తించదు, స్నాచింగ్‌కు విలువతో పనిలేదు.

మిర్చిబజ్జీ99
ప్రసాదన్నా, ఇకనుంచి సైకిల్ పక్కన నిలబడి లాక్కెళ్ళమను.

శీను_మియాపూర్
ఇవాళ పొద్దున వెళ్ళా. హెడ్డు గారు చెప్పినట్టే పదింటికి, మా ఓనర్ అంకుల్‌ను వెంటబెట్టుకుని, రెండు కాపీలతో. సీఐ లేరు. ఎస్సై చదివి, "దీనికి 14 రోజులు ఎంక్వైరీ చేసి అప్పుడు చూస్తాం, కొత్త చట్టం" అన్నారు. రెండో కాపీ మీద స్టాంపు మాత్రం వేశారు. ఈ 14 రోజులేమిటి?

మిర్చిబజ్జీ99
దొంగ నీ ఫోన్‌తో రీల్స్ చేసుకోడానికి గడువు.

నల్లకోటు
అలాంటి వెసులుబాటు నిజంగానే ఒకటి ఉంది, గాల్లోంచి చెప్పలేదు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో, ప్రాథమికంగా కేసు ఉందా లేదా తేల్చుకోడానికి 14 రోజుల్లో విచారణ ముగించవచ్చు. కానీ డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. మీ ఊళ్ళో అయితే ఏసీపీ. ఎస్సై తనంతట తాను అనుకుంటే కుదరదు. "ఏసీపీ గారి అనుమతి తీసుకున్నారా సార్" అని మర్యాదగా అడగండి. నా అభిప్రాయం, ఫోన్ లాక్కుని గంటన్నరలో ఖాతా ఖాళీ చేసిన కేసులో ప్రాథమికంగా తేల్చుకోడానికి ఏముంది?

రిటైర్డ్_హెడ్డు
నేనైతే అలా అడగను. "అనుమతి ఉందా" అంటే ఎస్సైకి అహం దెబ్బతింటుంది. ఏసీపీ ఆఫీసుకు వెళ్ళి స్టాంపు వేసిన కాపీ చూపించు, చాలు. ఆయన ఒక ఫోన్ కొడతాడు.

నల్లకోటు
హెడ్డు గారి పద్ధతి పనిచేస్తుంది, కాదనను. కానీ ప్రతిదానికీ పైవాడి ఫోన్ కావాలంటే, పైవాడి దాకా వెళ్ళలేనివాళ్ళ గతి ఏమిటి? చట్టంలో దారి రాసే ఉంది. స్టేషన్‌లో కాదంటే ఎస్పీకి, కమిషనరేట్లో అయితే డీసీపీకి రాతపూర్వకంగా పోస్టులో పంపాలి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్. ముందు ఆ పోస్టు మెట్టు ఎక్కకుండా కోర్టుకు వెళ్తే వెనక్కి పంపుతారు. అందుకే పోస్టు రసీదు పారేయకండి.

డాలస్_తెనాలి
రిజిస్టర్డ్ పోస్టేనా?

నల్లకోటు
రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టు పంపి, చేరినట్టు వచ్చే ట్రాకింగ్ పేజీ ప్రింట్ తీసి పెట్టుకోండి.

ఊరికే_చదువుతా
లాయరు ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు కోర్టు దాకా ఎలా వెళ్తారు సార్?

నల్లకోటు
15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి ఉంటుంది.

యానాం_వాసు
ఇదంతా ఎందుకు, లోపలికి వెళ్ళేటప్పుడు జేబులో ఫోన్ వీడియో ఆన్ చేసి పెట్టుకోండి. తర్వాత సోషల్ మీడియాలో వదిలితే వాళ్ళే పరిగెత్తుకొస్తారు.

రిటైర్డ్_హెడ్డు
ఆ పని చేస్తే ఫోన్ లాక్కుంటారు. అప్పుడు మళ్ళీ ఇక్కడికొచ్చి ‘పోయింది’ అని రాస్తావు.

నల్లకోటు
😀 పోలీస్ స్టేషన్ అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ ప్రాంతం కాదని 2022లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ చెప్పింది, కాబట్టి ఆ చట్టం కింద కేసు నిలబడదు. అయినా మొదటి అడుగే అది అయితే మాటలు తెగిపోతాయి. స్టేషన్లలో కెమెరాలు ఉండాలని 2020లోనే సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. శనివారం రాత్రి నేను వచ్చానన్నది తేలాలంటే ఆ ఫుటేజీ భద్రపరచమని రాసివ్వండి, అది ఎక్కువ పనికొస్తుంది.

మోడరేటర్
రెండు పోస్టుల్లో స్టేషన్ పేరు, ఒక ఎస్సై గారి పేరు తీసేశాం. మీ అనుభవం రాసుకోండి, పేర్లు వద్దు. వాసు గారూ, హెచ్చరిక మీకే.

శీను_మియాపూర్
ఫుటేజీ అంటే గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఆ చోటికి వెళ్ళా. మెట్ల పక్కన మెడికల్ షాపాయన కెమెరా రోడ్డు వైపే ఉంది. "వారం దాటితే దానిమీదే మళ్ళీ రికార్డు అయిపోతుంది, నువ్వు వచ్చింది మంచిదైంది" అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిచ్చాడు. బైకు కనిపిస్తోంది, వెనకవాడు లాక్కోవడం కూడా. నంబర్ ప్లేటు మడిచేసి ఉంది. చూస్తుంటే నా మొహం నాకే వింతగా ఉంది, నోరు తెరుచుకుని నిలబడ్డా.

రిటైర్డ్_హెడ్డు
శభాష్. అది పట్టుకుని ఏసీపీ ఆఫీసుకు వెళ్ళు. అసలు రికార్డు షాపాయన దగ్గరే ఉండనివ్వమను, చెరపొద్దని చెప్పు.

శీను_మియాపూర్
అయిపోయింది. ఏసీపీ గారు లోపలికి పిలవనే లేదు. బయట సీసీ (క్యాంపు క్లర్కు) గారు కాపీ చూసి, వీడియో చూసి, స్టేషన్‌కు ఫోన్ చేశారు. నేను స్టేషన్‌కు చేరేసరికి అదే రైటర్ కీబోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. "ముందే చెప్పొచ్చు కదా లాక్కెళ్ళారని" అన్నాడు. ఏమనాలో తెలియక నవ్వేశా. సెక్షన్ 304, ఇంకా డబ్బు సంగతికి వేరే సెక్షన్లు కూడా వేశారు. చదివి వినిపించారు. కాపీ ఇచ్చారు, పైసా అడగలేదు.

ఆ కాపీతో సీఈఐఆర్ పోర్టల్‌లో (పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) ఫోన్ బ్లాక్ చేశా. 1930 వాళ్ళు 18,500లో 9,000 ఒక ఖాతాలో ఆపించారట.

చెన్నపట్నం_గిరి
సగం దొరికినట్టే. మిగతా సగం?

నల్లకోటు
ఆపిన 9,000 వెంటనే చేతికి రావు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇప్పిస్తున్నారు, అక్కడ అడగండి. మిగతాదానికి బ్యాంకుతో పోరాటం. కార్డు ఫోటో గ్యాలరీలో పెట్టడాన్ని మీ నిర్లక్ష్యం అని వాళ్ళు వాదిస్తారు. అయినా రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఇంకోటి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులే మీకు చెప్పాలి. క్యాలెండర్‌లో తారీఖు రాసిపెట్టుకోండి. చెప్పకపోతే ఇక్కడికి రండి.

పద్మ_హనుమకొండ
గ్యాలరీలో కార్డు ఫోటో ఇప్పుడే డిలీట్ చేశా. నాదీ, అమ్మదీ, తమ్ముడిదీ, మొత్తం ఏడు ఉన్నాయి.

మిర్చిబజ్జీ99
రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయ్ అక్కా.

ఊరికే_చదువుతా
శీనూ, ఇంట్లోవాళ్ళకు చెప్పావా?

శీను_మియాపూర్
అమ్మకు ఫోన్ చేసి "ఫోన్ పోయిందమ్మా" అన్నా. "ఎక్కడ పారేసుకున్నావురా" అంది.